డాంకాస్టర్ బెల్స్, మా పక్కింటావిడ, ఆ కప్పు మ్యాచ్‌లు

డాంకాస్టర్ అంటే ఇంగ్లాండ్‌లో ఉండే మనవాళ్లలో కూడా చాలామందికి రైలు మారే స్టేషన్, అంతే. లండన్ నుంచి ఎడిన్‌బరా పోయే లైన్లో మన కాజీపేట లాంటిది, అందరూ దాని మీదుగానే పోతారు, ఊళ్లోకి వెళ్లేవాళ్లు తక్కువ. మేం వెళ్లాం. 1991 చలికాలంలో మావారికి అక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది, చంకలో మూడేళ్ల పిల్ల, రెండు సూట్‌కేసులు, ఒక ప్రెషర్ కుక్కర్, అదీ మా సంసారం. అప్పటికి నాకు ఇరవై ఆరు. తెనాలిలో స్కూల్ రోజుల్లో ఖోఖో బాగానే ఆడేదాన్ని, ఇంటర్‌కి రాగానే ఇంక చాల్లే అన్నారు ఇంట్లో, మానేశా, పెద్దగా బాధ కూడా పడలేదు, అందరూ అలాగే మానేసేవాళ్లు కదా.

మాది గోడకి గోడ ఆనుకుని ఉండే ఇళ్ల వరసలో ఒక ఇల్లు. పక్కింట్లో అరవై దాటిన పెద్దావిడ. భర్త బొగ్గు గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడై రిటైరయ్యాడు. ఆవిడ పేరు ఇక్కడ రాయను, వాళ్లమ్మాయి రాయొద్దంది. మా పిల్లలకి ఆవిడ అమ్మమ్మ, మా పెద్దది మొదటి వారమే అలా పిలవడం మొదలెట్టింది, ఆవిడ కూడా అమ్మమ్మా అంటే పలికేది, చివరిదాకా అదే పిలుపు. ఆవిడ మాట్లాడే యార్క్‌షైర్ ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది కాదు, నా గుంటూరు జిల్లా ఇంగ్లీషు ఆవిడకి సగం అర్థమయ్యేది కాదు, అయినా గోడ మీద నుంచి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం.

ఒక ఆదివారం మావారు డ్యూటీలో ఉన్నారు. పిల్ల పొద్దున్నించీ రాగం ఆపట్లేదు. ఆవిడ తలుపు కొట్టి, ఇంట్లో కూర్చుని ఇద్దరూ ఏడవటం ఎందుకు, కోటు వేసుకో, మ్యాచ్‌కి పోదాం అంది. ఏం మ్యాచ్ అంటే బెల్స్ మ్యాచ్ అంది, ఊళ్లోని ఫుట్‌బాల్ టీం అట. ఆడేది ఆడవాళ్లని చెప్పలేదు. అది విడిగా చెప్పాల్సిన విషయమని ఆవిడకి తోచనే లేదు.

గని కార్మికుల వెల్ఫేర్ గ్రౌండ్ అది. స్టేడియం అనుకునేరు, చుట్టూ ఒక ఇనప కడ్డీ, ఒక పక్క చిన్న రేకుల షెడ్డు, టీ అమ్మే కిటికీ ఒకటి, దూరంగా గని. గాలి మాత్రం నేరుగా సముద్రం మీద నుంచి వచ్చి ఎముకల్లోకి దూరిపోయేది. జనం రెండొందలు ఉంటే ఎక్కువ. రిటైరైన ముసలాళ్లు, కుక్కలు, తోపుడు బండ్లలో పసిపిల్లలు, ఆడుతున్నవాళ్ల అమ్మలూ అత్తలూ. లోపల పదకొండు మంది ఆడవాళ్లు బురదలో జారుకుంటూ అవతలివాళ్ల కాళ్ల మీదకి దూకి బంతి లాగేసుకుంటున్నారు. ఒకావిడ మోకాలు చెక్కుకుపోయి నెత్తురు కారుతుంటే బకెట్టులో చన్నీళ్ల స్పాంజి తెచ్చి ఒత్తారు, ఆవిడ ఒక్క బూతు తిట్టి లేచి మళ్లీ పరిగెత్తింది. నేను అలా చూస్తూ ఉండిపోయా. మా పిల్ల ఏడుపు ఎప్పుడు ఆపిందో కూడా గమనించలేదు.

ఆ టీంలో ఇద్దరి గురించి చెప్పాలి, బయట ప్రపంచానికి కూడా తెలిసినవాళ్లు కాబట్టి పేర్లు రాయొచ్చు. గిలియన్ కౌల్టర్డ్, మిడ్‌ఫీల్డ్, డాంకాస్టర్ పక్కనే ఉన్న థోర్న్‌లో పుట్టింది. అందరికంటే పొట్టి, కానీ గ్రౌండ్‌లో ఎక్కడ గొడవ జరుగుతున్నా అక్కడ ఉండేది, ఆటంతా ఆవిడ కాళ్ల మీదుగానే నడిచేది. వారమంతా కాసిల్‌ఫోర్డ్‌లో పయొనీర్ కంపెనీ ఫ్యాక్టరీలో పని, ఆదివారం ఫుట్‌బాల్. తర్వాత ఇంగ్లాండ్ తరఫున వంద మ్యాచ్‌లు ఆడిన మొదటి మహిళ ఆవిడే, మొత్తం 119. 1995 వరల్డ్ కప్‌లో ఇంగ్లాండ్ ఆడవాళ్ల మొట్టమొదటి గోల్ కూడా ఆవిడదే. రెండో ఆవిడ కేరెన్ వాకర్, ఫార్వర్డ్, పొడుగు మనిషి, బంతి గాల్లోకి లేస్తే చాలు గోల్‌కీపర్‌కి భయం. ఇంగ్లాండ్‌కి 83 మ్యాచ్‌ల్లో 40 గోల్స్. ఈ లెక్కలన్నీ నాకు తర్వాత తెలిసినవే, అప్పుడు మాత్రం ఒకావిడ పొట్టి, ఒకావిడ పొడుగు, అలాగే గుర్తుపట్టేదాన్ని.

ఈ క్లబ్బు పుట్టిన కథ మా పక్కింటావిడ ఎన్నిసార్లు చెప్పిందో, ప్రతిసారీ కొత్తగా చెప్పేది. డాంకాస్టర్ రోవర్స్ అని మగవాళ్ల క్లబ్బు ఒకటుంది, దాని గ్రౌండ్ పేరు బెల్ వ్యూ. మ్యాచ్ రోజుల్లో అక్కడ కొంతమంది అమ్మాయిలు గోల్డెన్ గోల్ టికెట్లు అమ్మేవాళ్లు. అదొక చిన్న లాటరీ, టికెట్ మీద నిమిషాలు సెకన్లు వేసి ఉంటాయి, మొదటి గోల్ ఆ టైంకి పడితే డబ్బులొస్తాయి. అలా టికెట్లు అమ్ముతూ అమ్ముతూ, మగవాళ్ల ఆట చూసీ చూసీ, మనమూ ఆడదాం అనుకున్నారు 1969లో. మొదట బెల్ వ్యూ బెల్స్, తర్వాత డాంకాస్టర్ బెల్స్. మొదలెట్టినవాళ్లలో షీలా స్టాక్స్ అనే ఆవిడ ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి క్లబ్బుని వదల్లేదు.

ఒక్క సంగతి చూడండి. ఇంగ్లాండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్, అంటే ఎఫ్ఏ, 1921 డిసెంబర్లో ఆడవాళ్ల ఆటని తన క్లబ్బుల గ్రౌండ్లలో జరగనివ్వకుండా నిషేధించింది. అంతకు ముందు ఏడాది క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్‌లో ఆడవాళ్ల మ్యాచ్‌కి యాభై వేల పైన జనం వచ్చారు, అది చూశాక కూడా ఈ ఆట ఆడవాళ్లకి తగదు అని తీర్మానం. దాదాపు యాభై ఏళ్లు నడిచింది ఆ నిషేధం. బెల్స్ అమ్మాయిలు టీం కట్టేనాటికి అది ఇంకా ఎత్తెయ్యలేదు. అంటే పెద్దల పర్మిషన్ కోసం వీళ్లు ఆగలేదన్నమాట.

ఇంక కప్పు సంగతి. ఇప్పటి పిల్లలకి లీగ్ అంటేనే లెక్క, కానీ అప్పట్లో ఆడవాళ్ల ఫుట్‌బాల్లో కప్పే అన్నీ. ఎందుకంటే 1991 దాకా దేశం మొత్తానికి ఒక లీగ్ అనేదే లేదు. ఎవరి ప్రాంతంలో వాళ్లు ఆడుకోవాలి. బెల్స్ లాంటి టీంకి చుట్టుపక్కల ఎదురు నిలిచేవాళ్లే లేరు, పది గోల్స్ పన్నెండు గోల్స్ తేడాతో గెలిచి ఇంటికి పోవడం, అందులో మజా ఏముంటుంది. లండన్ టీంతోనో లివర్‌పూల్ వైపు టీంతోనో ఆడాలంటే నాకౌట్ కప్పు ఒక్కటే దారి. ఓడితే ఇంటికే, ఆ ఏడాదికి మళ్లీ పెద్ద టీం మొహం చూసే ఛాన్స్ లేదు. అందుకే డ్రా, అంటే ఎవరితో ఎవరు ఆడాలో తీసే చీటీ, వచ్చిందంటే ఊళ్లో పెళ్లి సంబంధం వచ్చినంత హడావుడి. ఎవరొచ్చారు, మన గ్రౌండా వాళ్ల గ్రౌండా, ఎంత దూరం, మినీబస్సు ఎవరు నడుపుతారు, పెట్రోలు ఎవరు పోయిస్తారు. ఆటగాళ్లకి జీతం మాట దేవుడెరుగు, ఎదురు వాళ్లే చందా కట్టుకునేవాళ్లు.

ఆ కప్పు, అంటే ఇప్పటి ఆడవాళ్ల ఎఫ్ఏ కప్పు, 1971లో మొదలైంది. ఆడవాళ్ల ఫుట్‌బాల్ కోసం విడిగా పెట్టిన అసోసియేషన్ నడిపింది, మొదటి ఫైనల్లో సౌతాంప్టన్ గెలిచింది. బెల్స్ మొదటిసారి 1983లో గెలిచారు, లింకన్‌లో సెయింట్ హెలెన్స్ మీద 3-2. అక్కడి నుంచి పట్టిన పట్టు చూడండి, 1983 నుంచి 1994 దాకా పన్నెండు ఫైనల్స్ జరిగితే పదకొండింట్లో బెల్స్ ఉన్నారు. ఒక్క 1989 లో లేరు. ఆరు గెలిచారు, ఐదు ఓడారు. ఏ దేశంలో ఏ ఆటలో చూసినా ఇది మామూలు విషయం కాదు, కానీ ఇప్పుడు టీవీలో కప్పు చరిత్ర చెప్పేటప్పుడు దీని మీద రెండు ముక్కలు కూడా మాట్లాడరు, నాకు అక్కడే మండుతుంది.

మా పక్కింటావిడకి గెలిచినవాటికంటే ఓడినవి బాగా గుర్తు. 1984, 85, 86 వరసగా మూడేళ్లు ఫైనల్లో ఓడారు. అవే గని సమ్మె రోజులు కూడా. 1984 మార్చి నుంచి ఏడాది పాటు గనులు బంద్, ఇంట్లో పైసా లేదు, ఆవిడ తోటివాళ్లతో కలిసి సమ్మెలో ఉన్నవాళ్ల కోసం వంటశాల నడిపింది, రోజూ వందలమందికి బంగాళాదుంపలు ఒలిచేవాళ్లం అనేది. ఆ కష్టంలో కూడా బెల్స్ స్కోరు కనుక్కోవడం మానలేదట. 1986 ఫైనల్ నార్విచ్‌లో నార్విచ్ మీదే, 4-3. వాళ్లూళ్లోనే ఫైనల్ పెడితే ఎలా అని ఆ సంగతి ఎత్తితే చాలు ఆవిడ బీపీ పెరిగేది. తర్వాత ఇది విన్న మావారు కావాలని అప్పుడప్పుడూ నార్విచ్ పేరు తీసేవారు, ఆవిడ చీపురు ఎత్తేది.

నేను వెళ్లిన ఆ సీజన్, అంటే 1991-92, దేశానికంతటికీ మొదటి లీగ్ పెట్టిన సీజన్. బెల్స్ పద్నాలుగు మ్యాచ్‌లు ఆడి పద్నాలుగూ గెలిచారు. ఒక్క డ్రా కూడా లేదు. కప్పులో కేరెన్ వాకర్ రౌండ్ రౌండ్‌కీ హ్యాట్రిక్, అంటే ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్, కొడుతోందని ఊళ్లో ఒకటే మాట. ఆ ఏడు ఫైనల్ లివర్‌పూల్ అవతల ప్రెంటన్ పార్క్‌లో. అంతకు ముందు ఏడాది అదే గ్రౌండ్‌లో మిల్‌వాల్ లయనెసెస్ చేతిలో 1-0 ఓడి వచ్చారు కాబట్టి కసి ఉంది. నేను వెళ్లలేకపోయా, మా అబ్బాయి కడుపులో ఉన్నాడు, నెలలు నిండాయి. పక్కింటావిడ వెళ్లి రాత్రి తిరిగొచ్చి నేరుగా మా ఇంటికే వచ్చింది, గొంతు పూర్తిగా పోయింది, నాలుగు వేళ్లు చూపించి రెండో చేత్తో సున్నా చుట్టింది. రెడ్ స్టార్ సౌతాంప్టన్ మీద 4-0. లీగూ కప్పూ రెండూ.

1993లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్సెనల్ చేతిలో 3-0 ఓడారు. దాని గురించి ఎక్కువ చెప్పను, వారం రోజులు మా వీధిలో ఎవరూ సరిగా మాట్లాడలేదు.

ఈ లోపల నేను కూడా గ్రౌండ్ మనిషినైపోయా. హాఫ్ టైంలో రాఫిల్, అంటే లక్కీ డ్రా లాంటిది, దాని టికెట్లు చింపి అమ్మే పని నాకిచ్చారు, క్లబ్బు పుట్టిందే టికెట్లు అమ్మడంలో కాబట్టి అదేదో పెద్ద పదవిలా ఫీలయ్యేదాన్ని. పిల్లాణ్ని శాలువాలో చుట్టి ఎత్తుకుని, ఒక చేత్తో గులాబీరంగు టికెట్ల పుస్తకం, ఇంకో చేత్తో చిల్లర డబ్బా. ప్రైజు ఏంటంటే మాంసం. నిజంగానే, కసాయి కొట్టు నుంచి ఒక ట్రే నిండా చాప్స్, సాసేజీలు, పెద్ద ముక్కలు, ప్లాస్టిక్ చుట్టి టేబుల్ మీద పెట్టేవాళ్లు. ఒకసారి అది నాకే తగిలింది. మా ఇంట్లో గుడ్డు కూడా వండని రోజులవి, నేను ఆ ట్రే పట్టుకుని నిలబడితే షెడ్డు షెడ్డంతా నవ్వు. పక్కింట్లో ఆ ఆదివారం విందు జరిగింది, బదులుగా నాకు యాపిల్ పై వచ్చింది.

నేను తీసుకెళ్లే జంతికలకి మాత్రం మంచి గిరాకీ ఉండేది. స్టీలు డబ్బా మూత తీయగానే కడ్డీ వెంబడి నుంచున్న ముసలాళ్లు నెమ్మదిగా ఇటు జరిగేవాళ్లు. మొదట్లో కారం తగ్గించి చేశా, ఒకాయన వచ్చి ఈసారి చప్పగా ఉన్నాయేంటని అడిగాడు, అప్పట్నించీ మామూలుగానే చేశా. మ్యాచ్ అయ్యాక ఆడిన అమ్మాయిలు కూడా బురద చేతుల్తోనే తీసుకునేవాళ్లు. ఒకమ్మాయి, పోస్టాఫీసులో పని, వారమంతా తెల్లారకట్ల లేచి ఉత్తరాలు పంచి ఆదివారం మధ్యాహ్నం డిఫెన్స్ ఆడేది, నోట్లో జంతిక పెట్టుకుని బూట్ల లేసులు విప్పుకుంటూ రేపు పొద్దున నాలుగింటికి లేవాలి అంటుంటే నాకు మా ఊళ్లో పాలు పోసే వాళ్ల ఇంటి అమ్మాయి గుర్తొచ్చింది, అదీ ఖోఖోలో నాతో ఆడేది.

1992 అక్టోబర్లో ప్రభుత్వం ముప్ఫై ఒక్క గనులు మూసేస్తామని ప్రకటించింది. మా చుట్టుపక్కల ఊళ్లన్నీ బొగ్గు మీద బతికేవే, ఆ ఏడాది ఎవరింటికెళ్లినా అదే మాట. గ్రౌండ్‌లో కూడా. మగవాళ్లు కడ్డీ మీద మోచేతులు ఆన్చి నిలబడి, ఆట చూస్తున్నట్టే ఉండేవాళ్లు కానీ మాటలన్నీ ఎవరికి ఎంత పరిహారం, ఎవరు ఎక్కడికి పోతున్నారు. అలాంటి టైంలో ఊరు గర్వంగా చెప్పుకోడానికి ఈ ఆడవాళ్లు తప్ప ఇంకేం మిగల్లేదు. రోవర్స్ మగ టీం అప్పుడు అడుగు డివిజన్లో ఈదులాడుతోంది. అయినా లోకల్ పేపర్లో రోవర్స్‌కి రెండు పేజీలు, బెల్స్‌కి వెనక ఎక్కడో నాలుగు అంగుళాలు. పక్కింటావిడ ఆ నాలుగంగుళాలే కత్తిరించి బిస్కెట్ల టిన్నులో దాచేది.

1994 ఫైనల్‌కి వెళ్లా. అదృష్టం కొద్దీ స్కంథార్ప్‌లో పెట్టారు, డాంకాస్టర్ నుంచి కార్లో గంట కూడా పట్టదు. మావారిని కూడా లాక్కెళ్లాం, ఆయనకి క్రికెట్ తప్ప ఇంకేదీ ఆట కాదు అప్పటిదాకా. గ్లాన్‌ఫర్డ్ పార్క్, కొత్తగా కట్టిన గ్రౌండ్, నాలుగు వైపులా రేకుల స్టాండ్లు, డబ్బా పెట్టెలా ఉంటుంది. ఆ ఏడాదే ఎఫ్ఏ ఆడవాళ్ల కప్పుని తన చేతిలోకి తీసుకుంది, అంతకు ముందు రెండు దశాబ్దాల పైన ఆడవాళ్ల ఫుట్‌బాల్ అసోసియేషన్ వాళ్లే నడిపిన పోటీ అది. పెద్దలు తీసుకున్నాక పెద్ద జనం వస్తారనుకున్నాం, రెండు వేలు కూడా లేరు. ఎదుట నోస్లీ యునైటెడ్, లివర్‌పూల్ వైపు వాళ్లు, తర్వాత లివర్‌పూల్ లేడీస్ అయింది అదే టీం.

ఆ రోజు ఆట అందంగా ఏం లేదు, నాకౌట్ ఫైనల్స్ అందంగా ఉండవు. ఒకే ఒక్క గోల్, కొట్టింది కేరెన్ వాకరే. ఎలా పడిందని అడగకండి, ముందున్న వాళ్లంతా ఒక్కసారి లేచారు, నాకు కనిపించింది వాళ్ల వీపులు, వినిపించింది అరుపు. మిగతా ఆటంతా నరకం. 1-0 మీద ఉన్నప్పుడు టైం నడవదు. పక్కింటావిడ సీట్లో కూర్చోలేక స్టాండ్ మెట్ల మీద పైకీ కిందకీ తిరుగుతోంది, బంతి మన గోల్ వైపు వస్తే అటు తిరిగి నుంచుని ఇప్పుడేమైంది ఇప్పుడేమైంది అని మా ఆరేళ్ల పిల్లని అడుగుతోంది. పిల్ల కామెంటరీ తెలుగూ ఇంగ్లీషూ కలిపి, వాళ్లు తన్నారు, మనావిడ పడిపోయింది, మళ్లీ లేచింది, బాల్ బయటికి పోయింది. మావారు ఏదో పేషెంట్‌ని చూస్తున్నట్టు వాచీ వంకే చూస్తున్నారు. విజిల్ ఊదాక ఆయన ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిని కావలించుకున్నారు, నేను పెళ్లైన ఇన్నేళ్లలో ఆయన్ని అలా చూసింది అదొక్కసారే.

తర్వాత మ్యాచ్‌కి కప్పు గ్రౌండ్‌కి తెచ్చారు. రాఫిల్ టేబుల్ మీద, మాంసం ట్రే పక్కనే పెట్టారు, ఎవరైనా వచ్చి ముట్టుకోవచ్చు. మీద అంతా వేలిముద్రలు. పిడి దగ్గర ఎవరిదో లిప్‌స్టిక్ మరక. మా అబ్బాయి రెండు చేతులతో పట్టుకుని లోపల తల దూర్చాడు, ఏదైనా తినేది ఉందేమో అని చూశాడనుకుంటా. ఒక ఆటగత్తె వచ్చి వాడు కార్చిన చొంగని తన జెర్సీ చేతితో తుడిచి మళ్లీ అక్కడే పెట్టి వార్మప్‌కి వెళ్లిపోయింది. ఆ ఏడాది లీగ్ కూడా వాళ్లదే, మళ్లీ డబుల్. ఆ కప్పే బెల్స్ గెలిచిన ఆఖరి పెద్ద కప్పని అప్పుడు ఎవరనుకున్నారు.

ఆ తర్వాత డబ్బున్న క్లబ్బులు ఒక్కొక్కటీ ఆడవాళ్ల టీముల వైపు చూడ్డం మొదలెట్టాయి. ఆర్సెనల్ ముందే వచ్చింది. లీసో పసిఫిక్ అనే టీం ఎవర్టన్ అయింది. మంచిదే, ఆటగాళ్లకి బూట్లు కొనుక్కునే బాధ తప్పింది, ఇందులో నేను తప్పు పట్టేదేం లేదు. కానీ బెల్స్‌కి అలాంటి అండ లేదు. 2000 ఫైనల్ షెఫీల్డ్‌లో, బ్రామల్ లేన్‌లో, క్రోయ్‌డన్ చేతిలో 2-1. మా అమ్మాయికి పన్నెండేళ్లు, అప్పటికి స్కూల్ టీంలో ఆడుతోంది, దారి పొడవునా ఏడ్చింది. 2002లో మళ్లీ ఫైనల్, ఫుల్‌హామ్ చేతిలో మళ్లీ 2-1. ఫుల్‌హామ్ అప్పటికి ఆడవాళ్లకి పూర్తి జీతాలిచ్చే టీం, పొద్దున్నించి సాయంత్రం దాకా అదే పని. మనవాళ్లు ఉద్యోగాలు చేసుకుని రాత్రిళ్లు ప్రాక్టీస్ చేసుకునేవాళ్లు. ఒక్క గోల్ తేడాతో ఓడారు, దాన్ని ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. ఆ మ్యాచ్ టీవీలో వచ్చింది, పక్కింటావిడ మా సోఫాలో కూర్చుని చూసింది, అప్పటికి ఆవిడ మోకాళ్లు పనిచేయట్లేదు. చివర్లో, చూశావా, జీతాలు తీసుకుంటూ కూడా వాళ్లకి ఎంత చెమట పట్టిందో అంది.

2011లో సూపర్ లీగ్, అంటే ఆడవాళ్ల ఆటలో అన్నిటికంటే పై లీగ్, మొదలెట్టినప్పుడు మొదటి ఎనిమిది టీముల్లో బెల్స్ ఉన్నారు. అప్పటికి కొత్త స్టేడియం, పదిహేను వేల సీట్లు, మన జనం అందులో ఒక మూల. 2013 సీజన్లో బెల్స్ ఇంకా ఒక్క మ్యాచ్ ఆడారో లేదో, వచ్చే ఏడాది మీరు కింది డివిజన్‌కి అని ఎఫ్ఏ చెప్పేసింది. ఆటలో ఏ స్థానంలో నిలిచినా సరే. లైసెన్సుకి కావలసిన ఆర్థిక బలం, సదుపాయాలు వగైరా మార్కుల్లో వెనకబడ్డారని వాళ్ల లెక్క, ఆ పై డివిజన్లోకి వచ్చినవాళ్లు మాంచెస్టర్ సిటీ. అప్పీలు చేశారు, పోయింది. ఆ సీజన్ మిగతా మ్యాచ్‌లన్నీ ఫలితం ముందే రాసిపెట్టేశాక ఆడినవి. మా అమ్మాయి అప్పటికి లీడ్స్‌లో ఉద్యోగం, ఫోన్ చేసి అమ్మా ఇది అన్యాయం కాదా అంటే నేనేం చెప్పను. నాకౌట్‌లో ఓడితే ఇంటికి పోవడం ఎవరికైనా ఒప్పుదలే, తొంభై నిమిషాలు నిలబడి ఓడాం కదా అని ఉంటుంది. ఇది అది కాదు.

మళ్లీ ఎక్కారు, 2016లో పై డివిజన్ ఆడారు, మళ్లీ దిగారు. 2018లో రెండో డివిజన్ గెలిచి కూడా డబ్బుల్లేక పై లీగుల్లో ఆడలేం అని తప్పుకున్నారు. గెలిచినవాళ్లే దిగిపోవడం, అదొక వింత. పక్కింటావిడ ఇది చూడకుండానే పోయింది, ఒక రకంగా నయమే, చూసుంటే ఎఫ్ఏ ఆఫీసుకి చీపురు పట్టుకుని వెళ్లేది.

2022 జులై ఆఖర్న లండన్ వెంబ్లీ స్టేడియంలో యూరో, అంటే యూరప్ దేశాల పోటీ, ఫైనల్, 87 వేల పైన జనం, ఇంగ్లాండ్ ఆడవాళ్లు గెలిచారు. గోల్‌లో మేరీ అర్ప్స్, డిఫెన్స్‌లో మిల్లీ బ్రైట్, స్క్వాడ్‌లో బెత్ ఇంగ్లాండ్. ముగ్గురూ ఒకప్పుడు మన బెల్స్ జెర్సీ వేసుకున్నవాళ్లే. మర్నాడు ఆఫీసులో అందరూ అర్ప్స్ అర్ప్స్ అంటుంటే నేను మా డాంకాస్టర్‌లో ఆడింది తెలుసా అన్నా, ఒకబ్బాయి డాంకాస్టర్‌కి ఆడవాళ్ల టీం ఉందా అని అడిగాడు. ఆ కుర్రాడికి ఆ పదకొండు ఫైనల్స్ కథ మొత్తం చెప్పే వదిలా, పాపం టీ చల్లారిపోయింది. ఆ ఏడాదే నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోతు సౌమ్య క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడటానికి వెళ్లిందని చదివా. మా కాలంలో ఇంటర్‌కి రాగానే చాల్లే అన్నారు కదా, ఆ అమ్మాయి ఇంట్లో ఎవరో అనకుండా ఉన్నారు. పక్కింటావిడ ఉంటే గోడ మీద నుంచి పిలిచి చెప్పేదాన్ని, మీ కౌల్టర్డ్ ఎంత ఎత్తో ఈ పిల్లా అంతే అని కొంచెం కోతలు కూడా కోసేదాన్ని.

బెల్స్ ఇప్పటికీ ఉన్నారండోయ్. ఆడుతున్నారు. కప్పులో మాత్రం పెద్ద టీములు బరిలో దిగేలోపే తొలి రౌండ్లు ఆడుకోవాలి, ఒకప్పుడు ఫైనల్లో కుర్చీ వేసుక్కూర్చున్నవాళ్లు. మా అమ్మాయి వీలైనప్పుడల్లా తన కూతుర్ని తీసుకెళ్తుంది. జంతికలు మాత్రం నేనే చేసి పంపాలి, దానికి ఇప్పటికీ పిండి కలపడం రాదు.

ఇదంతా ఎందుకు రాశానంటే, బిస్కెట్ల టిన్ను ఇప్పుడు మా ఇంట్లో ఉంది, వాళ్లమ్మాయి ఇచ్చింది. పేపర్ ముక్కలు చాలా ఉన్నాయి గానీ 1994 స్కంథార్ప్ ఫైనల్‌వి ఫొటోలు ఒక్కటీ లేవు. మా కెమెరాలో రీలు ఉంది, కానీ మావారు ముందురోజే సగం రీలు హాస్పిటల్ ఫేర్‌వెల్ పార్టీలో ఖర్చు పెట్టేశారు, మిగిలిన సగంలో మా పిల్లాడి చెవి, ఎవరిదో కోటు, కొంత గడ్డి పడ్డాయి. ఆ రోజుల్లో డాంకాస్టర్, రోథరమ్, బార్న్‌స్లీ ఆసుపత్రుల్లో పనిచేసిన తెలుగు డాక్టర్ల కుటుంబాలు చాలానే ఉండేవి, రెండు మూడు కుటుంబాలు ఆ మ్యాచ్‌కి వచ్చినట్టు గుర్తు, ఒకావిడ ఆకుపచ్చ స్వెటర్ మీద పట్టుచీర కట్టుకొచ్చింది. మీరే గనక అయితే, లేదా మీ అమ్మగారు అయితే, పాత ఆల్బంలు ఒకసారి వెతకండి. మెట్ల మీద అటు తిరిగి నుంచున్న పెద్దావిడ ఏ ఫొటోలోనైనా పడిందేమో చూడండి, నీలం కోటు, చేతిలో థర్మాస్.